శిక్షణ ఒకరికి, కోడ్ ఇంకొకరి చేతిలో

ప్రభుత్వ శాఖల టెక్నాలజీ సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా మొదటి రోజు పొద్దున నేను ఒకటే ప్రశ్న అడుగుతాను. ‘‘మీ శాఖ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను, ఎవరికీ ఫోన్ చేయకుండా, ఇప్పుడే తెరిచి చూపించగలిగేవాళ్లు ఎంతమంది?’’ బెంగళూరులో ఈ మధ్య జరిగిన బ్యాచ్‌లో 28 మంది ఉన్నారు. మూడు చేతులు లేచాయి. మూడోది సగం దాకా లేచి ఆగిపోయింది.

ఆ సగం చెయ్యి చింతామణి వైపు నుంచి వచ్చిన ఒక మేడమ్‌ది. గదిలో అందరితో కన్నడలో మాట్లాడిన ఆవిడ, టీ టైమ్‌లో నా పక్కకు వచ్చి తెలుగులోకి మారారు. ‘‘కోడ్ ఉంది సార్, డీవీడీలో ఉంది. సాఫ్ట్‌వేర్ చేసిన వెండర్ ఇచ్చి పోయినాడు. బీరువాలో పెట్టి తాళం వేసినాం. అది నడుస్తుందో లేదో ఇంతవరకు ఎవరూ చూడలేదు.’’

ప్రభుత్వ వెబ్‌సైట్ మొరాయించినప్పుడు మనమంతా అనే మాట ఒకటుంది. ‘‘వాళ్లకు కోడింగ్ రాదు, ట్రైనింగ్ ఇప్పించాలి.’’ ట్రైనింగ్ ఇప్పిస్తారు కూడా. జావా అనో పైథాన్ అనో పేరు పెట్టి ఐదు రోజులు చెప్పిస్తారు. చివరి రోజు గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. ఆరు నెలల తర్వాత అదే సైట్ అదే పేజీ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ‘‘ఎంత నేర్పినా వీళ్లింతే’’ అంటారు. ఏళ్ల తరబడి ఈ గదుల్లో నిలబడి పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. నేర్చుకునే తెలివికి అక్కడ లోటు లేదు. శిక్షణకు వచ్చే మనిషి ఒకరు, కోడ్ రాసే మనిషి ఇంకొకరు, ఆ కోడ్ మార్చమని సంతకం పెట్టే మనిషి మరొకరు. ముగ్గురూ ఒక గదిలో ఎప్పుడూ కూర్చోరు. చిక్కు అక్కడుంది.

సిబ్బంది అంటే ఎవరు?

‘ప్రభుత్వ టెక్నాలజీ సిబ్బంది’ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ గదిలో కూర్చున్నవాళ్లు ఒకే రకం ఉద్యోగులు కారు. 1976లో మొదలైన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్, అంటే అందరూ నిక్ అనే సంస్థ, కేంద్ర ప్రభుత్వానిది. దానికి రాష్ట్ర రాజధానుల్లోనూ జిల్లాల్లోనూ ఆఫీసులున్నాయి. అక్కడ ఉన్నవాళ్లు సాంకేతిక పరీక్షలు రాసి చేరినవాళ్లు, చాలామందికి కోడ్ రాయడం రోజువారీ పని. ఇక రాష్ట్ర ప్రభుత్వపు ఈ-గవర్నెన్స్ విభాగం వేరు. కర్ణాటకలో దాని కింద సెంటర్ ఫర్ ఈ-గవర్నెన్స్ పనిచేస్తుంది, సేవాసింధు లాంటి పోర్టల్స్ అటువైపు నుంచి వస్తాయి.

వీళ్లు కాక, రెవెన్యూలోనో ట్రెజరీలోనో పదిహేనేళ్లు పనిచేసి ‘కంప్యూటర్ బాగా వచ్చు’ అన్న పేరుతో ఐటీ సెల్‌లోకి డెప్యుటేషన్‌పై వచ్చినవాళ్లు ఉంటారు. వీళ్లకు నియమాలన్నీ నోటికొచ్చు. ఏ సర్టిఫికెట్‌కు ఏ కాగితం అడగాలో, ఏది అడగకూడదో చెప్పగలిగేది వీళ్లే. వీళ్ల పక్క కుర్చీలో ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్ట్ ప్రోగ్రామర్లు ఉంటారు. పాతికేళ్ల లోపు పిల్లలు, ఏడాదికోసారి కాంట్రాక్ట్ రెన్యువల్ అవుతుందా లేదా అన్న టెన్షన్‌తో పనిచేస్తుంటారు. గోడకు అవతల, చాలాసార్లు వేరే బిల్డింగ్‌లో, టెండర్ గెలిచిన కంపెనీ టీమ్.

ఇప్పుడు శిక్షణకు నామినేషన్ లెటర్ వచ్చిందనుకోండి. శాఖ ఎవరి పేరు పంపుతుంది? నిత్యం సర్వర్ చూసుకునే మనిషిని ఐదు రోజులు వదిలితే పని ఆగిపోతుంది, కాబట్టి ఆయన్ను పంపరు. కాంట్రాక్ట్ కుర్రాణ్ణి పంపరు, ‘రేపో మాపో వెళ్లిపోతాడు, డబ్బు దండగ’ అనుకుంటారు. వెండర్ టీమ్ ప్రభుత్వ సిబ్బంది కాదు కాబట్టి వాళ్లను పిలిచే ప్రశ్నే లేదు. మిగిలేది పని కాస్త తేలిగ్గా ఉన్న మనిషి. ఆయన శ్రద్ధగా వచ్చి, ఐదు రోజులు కష్టపడి, జావాలో చిన్న లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్ట్ చేసి, తన సీటుకు తిరిగి వెళ్తారు. ఆ సీటులో జావా లేదు. ఉన్నది ఈ-ఆఫీస్ ఫైళ్లు, వీడియో కాన్ఫరెన్స్ ఏర్పాట్లు, ప్రింటర్ కంప్లైంట్లు.

ఒక చిన్న మార్పు ఎంత దూరం నడుస్తుంది

మరి ఏం నేర్పాలి? అది తెలియాలంటే ఈ ఆఫీసుల్లో ఒక మార్పు ఎలా జరుగుతుందో చూడాలి.

సర్టిఫికెట్ దరఖాస్తులో ‘తండ్రి లేక భర్త పేరు’ తప్పనిసరి అని ఉందనుకుందాం. ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న తల్లి తన పేరే ఇవ్వొచ్చని కొత్త సర్క్యులర్ వచ్చింది. వినడానికి ఒక గడి మార్పు. దరఖాస్తు పేజీలో ఆ గడి పక్కనున్న ఎర్ర చుక్క తీసేస్తే చాలదా అనిపిస్తుంది. కానీ ఆ పేరు డేటాబేస్‌లో ఒక చోట ‘ఖాళీ ఉండకూడదు’ అన్న షరతుతో కూర్చుని ఉంటుంది. సర్టిఫికెట్ ప్రింట్ అయ్యే నమూనాలో ‘వీరి కుమార్తె’ అన్న వాక్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది. దరఖాస్తుదారుకు వెళ్లే ఎస్సెమ్మెస్‌లో అది ఉండొచ్చు. స్కాలర్‌షిప్ ఇచ్చే మరో శాఖ ఈ డేటాను నేరుగా తన సాఫ్ట్‌వేర్‌లోకి లాక్కుంటుంటే, అక్కడ ఆ గడి ఖాళీగా వచ్చిన రోజు ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో కౌంటర్లో కూర్చున్నవాళ్లకు తెలియదు.

ఈ మార్పు కోసం శాఖ వెండర్‌కు చేంజ్ రిక్వెస్ట్ పంపుతుంది. అందరూ సీఆర్ అంటారు. వెండర్ ‘40 మ్యాన్‌డేలు పడుతుంది’ అని, అంటే ఒక మనిషి 40 రోజులు చేసేంత పని అని, అంచనా ఇస్తాడు. ఆ అంచనా న్యాయమైనదా, ఎక్కువా, తక్కువా? ఫైల్ మీద అభిప్రాయం రాయాల్సింది మన శిక్షణకు వచ్చిన ఆ మనిషే. కోడ్ ఎప్పుడూ చూడకపోతే ఆయన ముందు రెండే దారులు. వెండర్ చెప్పినదానికి తలూపడం, లేదా ఏ ఆధారమూ లేకుండా ‘20కి తగ్గించండి’ అని బేరమాడడం. రెండూ ప్రజల డబ్బుకు నష్టమే. బేరంలో తగ్గిన ఆ 20 రోజుల్లోంచి మొదట కోతపడేది టెస్టింగ్.

ఇల్లు కట్టించేవాడు తాపీ పట్టక్కర్లేదు. ఇసుకలో సిమెంటు పాలు చూడడం మాత్రం తెలియాలి. ‘‘వెండర్ ఉన్నాడు కదా, మనవాళ్లకు ఇదంతా ఎందుకు’’ అనే అధికారులకు నేను చెప్పే జవాబు ఇంతే. కొనడానికైనా చదవడం రావాలి. అందుకే నా దృష్టిలో ప్రభుత్వ సిబ్బందికి మొదట నేర్పాల్సింది కోడ్ రాయడం కంటే కోడ్ చదవడం. వేరొకరు రాసిన, వివరణల్లేని, ఐదేళ్ల పాత కోడ్‌ను తెరిచి, ‘ఈ గడి ఎక్కడెక్కడ వాడుతున్నారు’ అని వెతికి, ఏడు చోట్ల అని లెక్క తేల్చడం. ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ఇది పెద్దగా నేర్పరు. అక్కడ ఎప్పుడూ ఖాళీ పేజీతోనే మొదలుపెట్టిస్తారు.

ఈ ఆలస్యాలకు కర్ణాటకలో చట్టపరమైన లెక్క కూడా ఉంది. 2011 నాటి సకాల చట్టం ప్రకారం ప్రతి సేవకూ గడువు ఉంటుంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 500 రూపాయల దాకా దరఖాస్తుదారుకు పరిహారం. గడువు దాటడానికి కారణం సాఫ్ట్‌వేర్ బగ్గా, గుమాస్తా బద్ధకమా అన్న తేడా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లకు కనబడదు.

టిప్పణి తెలిసినవాళ్లకు గిట్ కొత్త కాదు

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఒకటి చెప్పాలి. మొదట్లో గిట్ నేర్పడానికి నేను చాలా తంటాలు పడేవాణ్ణి. 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన ఈ పనిముట్టు ఇవాళ కోడ్ మార్పులన్నిటినీ దాచే చిట్టా. బ్రాంచ్, కమిట్, మెర్జ్ అని బొమ్మలు గీసి చెబితే గది మొత్తం నిశ్శబ్దంగా ఉండేది. ఇంగ్లిష్ స్లైడ్స్ ఒకటి, ఎక్కడో అమెరికా కంపెనీ ఉదాహరణలు ఒకటి.

ఒకసారి పావగడ నుంచి వచ్చిన సీనియర్ ఉద్యోగి ఒకాయన, ‘‘అంటే ఇది మన టిప్పణి లాంటిదే కదప్పా?’’ అన్నారు. నాకు బల్బు వెలిగినట్టయింది. ప్రభుత్వ ఫైల్‌లో ఒకవైపు ఉత్తరాలు, ఒకవైపు టిప్పణి ఉంటాయి. టిప్పణిలో ప్రతి పేరాకూ నంబర్. రాసినవాళ్లు తేదీతో సంతకం పెడతారు. రాసిన పేజీని ఎవరూ చింపరు, కొట్టివేతలు ఒప్పుకోరు. ముందు రాసింది తప్పని తేలితే, కింద కొత్త పేరా రాసి దాన్ని రద్దు చేస్తారు. పాత పేరా అక్కడే ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత కోర్టు అడిగినా, ఎవరు ఎప్పుడు ఎందుకు ఏం నిర్ణయించారో ఆ కాగితాలు చెబుతాయి.

కమిట్ అంటే సంతకం పెట్టిన ఒక పేరా. తప్పు కమిట్‌ను వెనక్కి తీసుకోవాలంటే దాన్ని చెరపం, దానికి విరుగుడుగా ఇంకో కమిట్ రాస్తాం. బ్రాంచ్ అంటే పై అధికారికి పంపే ముందు తయారుచేసే డ్రాఫ్ట్. మెర్జ్ అంటే ఆమోదం. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు కమిట్ మెసేజ్‌లో ‘చిన్న మార్పు’ అని రాసి ఊరుకుంటారు. వాళ్లచేత కారణం రాయించడానికి టీమ్ లీడ్‌లు నానా పాట్లు పడతారు. ఈ గదిలోని వాళ్లకు ఆ అలవాటు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఉంది. వాళ్లను ఒకే ఒక్క నియమం పాటించమంటాను. నియమానికి సంబంధించిన ప్రతి మార్పు కమిట్ మెసేజ్‌లోనూ ఏ సర్క్యులర్ వల్ల ఆ మార్పు చేశారో దాని నంబర్, తేదీ రాయాలి. బదిలీల మీద మనుషులు మారిపోయే ఆఫీసులో ఇంతకంటే విలువైన డాక్యుమెంటేషన్ నాకు కనిపించలేదు. ‘దరఖాస్తు వయసు ఇక్కడ 18కి బదులు 21 అని ఎందుకుంది’ అని నాలుగేళ్ల తర్వాత వచ్చినవాళ్లు అడిగితే జవాబు ఆ వరుస పక్కనే ఉంటుంది.

అప్పటి నుంచి నా పాఠం కన్నడలో, బాగేపల్లి, కోలారు, బళ్లారి వైపు వాళ్లుంటే మధ్యమధ్య తెలుగులో, ఫైల్ భాషలోనే నడుస్తుంది. రోజంతా పట్టే పాఠం పూటలో అయిపోతోంది.

ఒకేలా కనిపించే రెండు మైసూరులు

టెస్టింగ్ చెప్పే రోజు నేను ఒక ప్రయోగం చేయిస్తాను. అభ్యాసం కోసం తయారుచేసిన జాబితాలో ‘మైసూరు’ అని వెతకమంటాను. తెర మీద ఎనిమిది వరుసల్లో మైసూరు కనిపిస్తుంటుంది, వెతికితే ఐదే వస్తాయి. మిగతా మూడు ఎక్కడికి పోయాయి? కంటికి అక్షరం అక్షరం ఒకటే. స్పేస్ ఉందేమోనని చూస్తారు, లేదు. ఫాంట్ మారుస్తారు, అదే ఫలితం.

కారణం యూనికోడ్‌లో ఉంది. కంప్యూటర్‌కు ప్రతి అక్షరమూ ఒక సంఖ్య. తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. రెండింటికీ తేడా 128. తెలుగు, కన్నడ లిపులు యూనికోడ్‌లో పక్కపక్క ఇళ్లలో, దాదాపు ఒకే వరసలో అక్షరాలు పేర్చుకుని కూర్చున్నాయి. మన లిపుల చుట్టరికం అక్కడా కనిపిస్తుందని చెబితే గదిలో ప్రతిసారీ ఒక ఉత్సాహం వస్తుంది. ఇక ‘మై’లో ఉన్న ఐత్వం సంగతి. తెలుగులో దాన్ని 3144 అనే ఒకే సంఖ్యతో రాయొచ్చు. లేదా ఎత్వానికి 3142, కింద వచ్చే ఐత్వపు తోకకు 3158 అని రెండు సంఖ్యలుగానూ రాయొచ్చు. కన్నడలోనూ అంతే, 3272 ఒక్కటే రాయొచ్చు, లేదా 3270, 3286 రెండూ కలిపి రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. సంఖ్యల్ని పోల్చే కంప్యూటర్‌కు అవి వేర్వేరు ఊళ్లు.

పరిష్కారం ఉంది. నార్మలైజేషన్ అనే పద్ధతిలో, డేటా లోపలికి వచ్చేటప్పుడే రెండు రూపాల్నీ ఒకే రూపంలోకి మార్చాలి. ఒక వరుస కోడ్ చాలు. నేను వాళ్లచేత చేయించేది ముందు ఆ ఒక వరుస కాదు, దాని టెస్ట్, అంటే అది సరిగా పనిచేస్తుందో లేదో తనిఖీ చేసే చిన్న కోడ్. ‘ఒక రూపంలో మైసూరు దాచి, ఇంకో రూపంలో వెతికితే దొరకాలి’ అని రాసి నడపమంటాను. తెర మీద ఎర్ర గీత వస్తుంది, ఫెయిల్ అయింది. తర్వాత ఆ వరుస చేరుస్తారు, మళ్లీ నడుపుతారు, పచ్చగా మారుతుంది. చింతామణి మేడమ్ ఆ రోజు పచ్చ రంగు వచ్చాక దాన్ని ఇంకో రెండుసార్లు నడిపి చూశారు. తర్వాత అడిగారు, ‘‘సార్, మా దగ్గర పేరు దొరకలేదని వెనక్కి పంపిన దరఖాస్తుల్లో ఇట్లాంటివి ఎన్ని ఉంటాయో?’’

శిక్షణలో నేను వినాలనుకునే ప్రశ్న అదే. లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్ట్ చేయిస్తే అది రాదు. తన రోజువారీ పనిలో చూసిన సమస్యకు, నేర్చుకున్నదానికి లంకె పడ్డప్పుడే వస్తుంది.

దీనికి బెంగళూరులోనే పాత ఉదాహరణ ఉంది. 2000 ప్రాంతంలో భూమి ప్రాజెక్ట్ వచ్చినప్పుడు 177 తాలూకాల్లో సుమారు 67 లక్షల మంది రైతుల, 2 కోట్ల దాకా ఉన్న భూమి రికార్డులు కంప్యూటర్ ఎక్కాయి. సాఫ్ట్‌వేర్ రాసింది ఇక్కడి నిక్, నడిపింది రెవెన్యూ శాఖ. అప్పటి అధికారి రాజీవ్ చావ్లా పేరు దానితో ముడిపడి ఉంది. రైతు 15 రూపాయలిచ్చి పహణీ (భూమి హక్కు, సాగు వివరాల పత్రం) నకలు తీసుకునే కౌంటర్లు తాలూకా ఆఫీసుల్లో వచ్చాయి. రికార్డు మార్చే ఉద్యోగి వేలిముద్ర వేసి లాగిన్ కావాలి, ఎవరు మార్చారో తెలియాలి. కోడ్ రాసేవాళ్లూ, రికార్డు తెలిసినవాళ్లూ ఒకే ప్రభుత్వంలో ఒకే పని మీద ఉన్నారు. అలాంటి చోట నేర్చుకోవడం వేరే కార్యక్రమంగా పెట్టనక్కర్లేదు, పనిలోనే జరిగిపోతుంది.

భద్రత సంగతి క్లుప్తంగా చెబుతాను, చాలాచోట్ల దీన్ని చెబుతూనే ఉన్నారు. ఒక్కటి మాత్రం ప్రతి బ్యాచ్‌లో చేయించి చూపించాలి. మీ సర్టిఫికెట్ పేజీ తెరిచి, బ్రౌజర్ అడ్రస్‌లో ఉన్న దరఖాస్తు నంబర్ చివరి అంకె మార్చి ఎంటర్ కొట్టండి. ఇంకొకరి సర్టిఫికెట్ తెరుచుకుంటే, ఇల్లు తాళం వేసి కిటికీ తెరిచి వెళ్లినట్టే. యాక్సెస్ తనిఖీ లోపం అని దీన్ని అంటారు. వెబ్ అప్లికేషన్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన పది ప్రధాన లోపాల జాబితాలో మొదటి స్థానం దీనిదే. ప్రభుత్వ సైట్ ప్రజలకు తెరిచే ముందు భద్రతా ఆడిట్ చేయిస్తారు కదా అంటారు. చేయిస్తారు, మంచిదే. ఆడిట్ అయిన మర్నాడు చేసిన చిన్న మార్పుతోనే ఆ కిటికీ తెరుచుకోవచ్చు. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, సర్వర్ లాగ్‌లు, అంటే సర్వర్‌లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు, 180 రోజులు దాచాలి. లాగ్ ఎక్కడుందో, దాన్ని ఎలా చదవాలో తెలియని సిబ్బందికి ఆ 6 గంటలు వెండర్‌కు ఫోన్లు చేయడంలోనే గడిచిపోతాయి.

ఐదు రోజుల తర్వాత సోమవారం

అసలు పరీక్ష శిక్షణ అయ్యాక వచ్చే సోమవారం. సీటుకు తిరిగి వెళ్లిన మనిషికి రిపాజిటరీ, అంటే శాఖ కోడ్ దాచే చోటు, తెరిచే యాక్సెస్ ఉందా? ప్రయోగాలు చేసుకోవడానికి ప్రజల అసలు డేటా లేని టెస్ట్ సర్వర్ ఉందా? వారానికి రెండు గంటలు ఇంకే పనీ చెప్పకుండా వదిలే పై అధికారి ఉన్నారా? ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా నేర్చుకున్నది నెలలో ఆవిరైపోతుంది. ఈత పాఠం చెప్పి చెరువుకు దారి చూపకపోతే ఎలా?

విధానాల కొరత లేదు. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను శాఖల మధ్య పంచుకోవాలని, ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానాలు తెచ్చింది. కోడ్ పెట్టుకోవడానికి ఓపెన్‌ఫోర్జ్ అనే వేదిక 2017లో మొదలైంది. 2020 సెప్టెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ మిషన్ కర్మయోగిని ఆమోదించింది, దాని కింద ఐగాట్ వేదికలో ఉద్యోగులు ఆన్‌లైన్‌లో కోర్సులు చేసుకోవచ్చు. కానీ ఒక భావన పరిచయం కావడానికి వీడియో సరిపోతుంది, తన శాఖ కోడ్‌లో ఏడు చోట్ల ఉన్న గడిని వెతకడానికి పక్కన కూర్చునే మనిషి కావాలి.

పక్కన కూర్చునే మనుషులకు ఈ ఊళ్లో కరువా? పట్టణ పాలన కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఈగవ్ ఫౌండేషన్ 2003లో పుట్టింది బెంగళూరులోనే. ఫిలిప్పీన్స్ జాతీయ గుర్తింపు కార్డుల వెనకున్న మోసిప్ వేదిక 2018లో మొదలైంది ఇక్కడి ఐఐఐటీలో. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు, పదేళ్లు పెద్ద సిస్టమ్స్ నడిపిన అనుభవంతో. వారానికి రెండు గంటలు ఒక తాలూకా ఐటీ సెల్‌తో కూర్చోమంటే కాదనేవాళ్లు తక్కువ. వాళ్లను లోపలికి రానిచ్చే ఏర్పాటు, ఏ డేటా చూడొచ్చో ఏది చూడకూడదో చెప్పే స్పష్టమైన కాగితం, ఈ రెండే తక్కువ.

నా అనుభవంలో పనిచేసిన పద్ధతి చెబుతాను. శాఖ నుంచి ఒకరిని పంపితే నేను ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. ముగ్గురు కావాలి. నియమం తెలిసిన ఉద్యోగి, కోడ్ రాసే కాంట్రాక్ట్ ప్రోగ్రామర్, ఫైల్ మీద సంతకం పెట్టే అధికారి. అధికారి రోజంతా కూర్చోనక్కర్లేదు, మొదటి పూట, చివరి పూట వస్తే చాలు. వాళ్లు తమ శాఖ కోడ్‌నే తెచ్చుకోవాలి, అందులోని ప్రజల వివరాలన్నీ తీసేసి, బదులు ఉత్తుత్తి డేటా పెట్టి. ఐదు రోజులు వరసగా కాకుండా, రెండు రోజులు గదిలో, తర్వాత మూడు నెలలు వారానికో పూట. మూడు నెలల చివర ఒక చిన్న మార్పు, ఎంత చిన్నదైనా సరే, టెస్ట్‌తో సహా ప్రొడక్షన్‌లోకి, అంటే ప్రజలు వాడే అసలు సైట్‌లోకి, వెళ్లాలి. సర్టిఫికెట్ దానికి ఇస్తాను, హాజరుకు ఇవ్వను.

కాంట్రాక్ట్ పిల్లల్ని ఎందుకు పిలవాలని మొదట చాలామంది అడ్డుపడ్డారు. నేర్పితే ప్రైవేట్‌కు వెళ్లిపోతాడట. వెళ్లనివ్వండి. నేర్పకుండా ఉంచితే వాడు రాసిన కోడే మీ దగ్గర ఉండిపోతుంది, పదేళ్లు దాన్ని మోయాల్సింది మీరే. టెస్టులు, కమిట్ మెసేజ్‌లు రాయడం అలవాటైన కుర్రాడు వెళ్లిపోయినా, వాటిని ఇక్కడే వదిలి వెళ్తాడు.

ఈ మధ్య ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతున్నది ఏఐ గురించి. అదే కోడ్ రాసి పెడుతుంటే ఇక మేం నేర్చుకోవడం ఎందుకని. కోడ్ రాసి పెడుతుంది, నిజమే. అది రాసిన దాంట్లో తల్లి పేరు గడి స్కాలర్‌షిప్ వైపు ఖాళీగా పోతోందని పట్టుకునేది ఎవరు? చదవడం వచ్చినవాళ్లకు అది మంచి సహాయకుడు. ప్రజల ఆధార్ నంబర్లూ చిరునామాలూ ఉన్న ఫైల్‌ను దానికి అతికించకూడదని మాత్రం మొదటి రోజే గట్టిగా చెబుతాను. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, అది ప్రభుత్వ శాఖలకూ వర్తించే విషయం.

చింతామణి మేడమ్ సంగతి. శిక్షణ నుంచి వెళ్లిన రెండో వారంలో ఆవిడ అధికారితో మాట్లాడి బీరువా తాళం తీయించారు. డీవీడీ చదవడానికి డ్రైవ్ ఉన్న కంప్యూటర్ దొరకడానికే మూడు రోజులు పట్టింది. కాంట్రాక్ట్ కుర్రాడు, ఆవిడ కలిసి ఆ కోడ్‌ను నడిపించడానికి ఇంకో నెల. నడిచాక తెలిసింది, ఇప్పుడు ప్రజలు వాడుతున్న సైట్‌లో ఉన్న మూడు గడులు ఈ కోడ్‌లో లేవు. అంటే బీరువాలో దాచింది పాత కోడ్, నడుస్తున్నది వేరేది.

ఆవిడ టిప్పణి రాశారు. ఒప్పందంలో సోర్స్ కోడ్ అప్పగింత గురించి ఉన్న క్లాజు నంబర్ వేసి, డీవీడీలో లేని మూడు గడుల పేర్లు వరసగా రాసి, ప్రస్తుత కోడ్ ఇప్పించమని కోరారు. ఫైల్ ఏడు వారాలు తిరిగింది. పోయిన శుక్రవారం నాకు మెసేజ్ పెట్టారు. ‘‘రిపాజిటరీ యాక్సెస్ వచ్చింది సార్. చూడడానికి మాత్రమే, మార్చడానికి లేదు. నేనూ మా కాంట్రాక్ట్ బాబూ రోజూ సాయంత్రం 4 నుంచి 5 దాకా కూర్చుని చదువుతున్నాం. మైసూరు టెస్ట్ ఇక్కడ కూడా ఫెయిల్ అవుతుంది.’’